ఏడో ఊరి వంతు

నా సర్వీసులో మోటార్లు కాలిపోయాయి, పైపులు పగిలాయి, ఒకసారి నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్డులో గేదె పడింది. వాటన్నిటికీ ఏదో ఒక మందు ఉంటుంది. మోటారుకి వైండింగు చేయిస్తాం, పైపుకి జాయింటు వేస్తాం, గేదెని తాళ్లు కట్టి పైకి లాగుతాం. నాకు నెలల తరబడి నిద్ర పట్టకుండా చేసింది మాత్రం వీటిలో ఏదీ కాదు, ఒక భాగహారం. ఇరవై నాలుగుని ఏడుతో భాగించడం. వినడానికి నవ్వొస్తుంది, తెలుసు. దానివల్ల ఒక మనిషి దొంగ అనిపించుకున్నాడు గనక చెబుతున్నాను. మంచినీళ్ల సెక్షన్లలో కొత్తగా చేరుతున్న పిల్లలు తీరిక చేసుకుని చదవాలని నా కోరిక.

నేను పాలిటెక్నిక్ డిప్లొమాతో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, ఏఈగానే రిటైరయ్యాను. ప్రమోషన్ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదని గొప్పగా చెప్పుకుంటాను గానీ, నిజం చెప్పాలంటే పరీక్షలు రాయడానికి బద్ధకించాను. ఇల్లు వట్లూరు వైపు. నా చివరి పోస్టింగు ఏలూరు దాటి కొల్లేటి వైపు వెళ్లే దారిలో, కాలువ పక్కనున్న మంచినీటి పథకం. కాలువ నీళ్లని పెద్ద చెరువులోకి పట్టి, వడకట్టి, క్లోరిన్ కలిపి, పంపుల మీద ఊళ్ల ట్యాంకులకి పంపడం మా పని. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువులో దాచిందే ఊళ్లకి ఆధారం. ఆ ప్రాంతం తెలియనివాళ్లకి ఇది విచిత్రంగా ఉంటుంది. ఎటు చూసినా చేపల చెరువులు, నీళ్లు, గట్లు. అందులో ఒక్క గ్లాసు తాగడానికి పనికిరాదు.

మొదట్లో ఆ పథకం కింద ఆరు ఊళ్లు ఉండేవి. పంపు ఒక్కో ఊరికీ వంతుల మీద వెళ్లేది. రోజుకి ఇరవై నాలుగు గంటలు, ఊళ్లు ఆరు, ఊరికి నాలుగు గంటలు. మా పంపు ఆపరేటరు గడియారం చూసుకుని ఒక ఊరి వాల్వు కట్టేసి ఇంకో ఊరిది తిప్పేవాడు. అర్చకుల కుటుంబంలో పుట్టి, అన్నదమ్ములందరూ గుళ్లలో ఉంటే తనొక్కడూ మోటార్ల దగ్గరికి వచ్చిన మనిషి. సంచీలో స్పానర్లతో పాటు పంచాంగం ఉండేది. కొత్త మోటారు ఎప్పుడు స్టార్ట్ చేయాలన్నా ముందు అది తీసి చూసేవాడు. నేను ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని, ఆయన వర్జ్యం చూసుకునే మనిషి. ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు, ఎందుకంటే ఇద్దరం మోటారు తిరిగితే చాలని దండం పెట్టుకునేవాళ్లమే.

ఆ తర్వాత ఏడో ఊరు వచ్చింది. కొల్లేటి లోపలికి ఉన్న ఊరు, వలల మీద బతికేవాళ్లది. అప్పటిదాకా వాళ్లు ఊరి చెరువు నీళ్లు కాచుకుని తాగేవారు. చుట్టూ చేపల చెరువులు తవ్వేశాక వాటి మురుగు ఊట ఈ చెరువులోకి దిగింది. పిల్లలకి వాంతులు, పెద్దలకి ఒంటినిండా దురదలు. ఎన్నాళ్లో తిరిగి తిరిగి వాళ్లు ఈ పథకంలో చేరారు. లైను చివర కొత్త పైపు వేశాం, ట్యాంకు కట్టాం. పంపుహౌసులో ఊళ్లని పేర్లతో కాకుండా నంబర్లతోనే పిలిచేవాళ్లం. అలా అది ఏడో ఊరైంది.

ఆ సమయంలోనే మాకు పై అధికారిగా కొత్త డీఈ వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. తాడేపల్లిగూడెం నుంచి రోజూ ట్రైనులో వచ్చేవాడు. చదువులో మంచి దిట్ట, మాటలో మెత్తన. వయసులో పెద్దదాన్నని నన్ను కూర్చోబెట్టి తను నిలబడే రకం. అలాంటివాళ్లని చూస్తే నాకు మొదట అనుమానమే వస్తుంది. ఆర్నెల్లు గడిచాక గానీ అది నటన కాదని నమ్మలేదు.

వాల్వులు చేత్తో తిప్పే బాధ లేకుండా ఆయన ఒక ప్యానెల్ పెట్టించాడు. మోటారుతో తెరుచుకునే వాల్వులు, ఒక్కో ఊరికీ ఎంతసేపో నొక్కిపెడితే దానంతటదే మార్చుకుంటూ పోతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి మళ్లీ ఒకటో ఊరితో మొదలు. చింతలపూడి వైపు పామాయిలు తోటల్లో డ్రిప్పుకి ఇలాంటివే పెట్టిన కుర్రాడు వచ్చి బిగించి వెళ్లాడు. డీఈ కాగితం మీద లెక్క వేశాడు. ఇరవై నాలుగుని ఏడుతో భాగిస్తే మూడు, చుక్క, నాలుగు రెండు ఎనిమిది ఐదు ఏడు ఒకటి, మళ్లీ నాలుగు రెండు ఎనిమిది... ఎంతదాకా వేసినా తెగదు. చుక్క తర్వాత రెండు అంకెలు ఉంచి మిగతావి వదిలేశాడు. పైకి సవరించలేదు. ఎందుకని అడిగితే, 'పైకి తీసుకుంటే మొత్తం ఇరవై నాలుగు దాటిపోతుంది మేడమ్. అప్పుడు ఆఖరి ఊరికి తక్కువవుతుంది. కిందకి తీసుకుంటే నాలుగు నిమిషాలు మిగులుతాయి, వాల్వులు మారడానికి సరిపోతాయి' అన్నాడు. ఆఖరి ఊరి గురించి అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషి ఆయన. ఆర్డరు వచ్చింది: ఒక్కో ఊరికి 3.42 గంటలు. ఆపరేటరు ప్యానెల్లో 3.42 అని నొక్కాడు.

మొదటి వారం నుంచే ఫిర్యాదులు. ఆరు ఊళ్లవాళ్లకీ నాలుగు గంటలు పోయి మూడు చిల్లరైంది కదా, ఊరుకుంటారా. వాట్సాప్ గ్రూపు నిండా ఖాళీ బిందెల ఫొటోలు. 'ఏడోవాళ్లు వచ్చాక మా నోట్లో మట్టి కొట్టారండీ' అని ఒకటో ఊరి ప్రెసిడెంటుగారు పొద్దున్నే ఫోను. ఆయన పెద్దమనిషి, గట్టిగా మాట్లాడరు. కానీ అన్నమాటే మళ్లీ మళ్లీ అనేవారు.

ఏడో ఊరి నుంచి వచ్చిన ఫిర్యాదు వేరు. వాళ్ల ట్యాంకు ఒక్కరోజూ నిండడం లేదు. వాళ్ల వంతు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మొదలై ఆరుకి పూర్తవ్వాలి. నీళ్లేమో నాలుగు దాటాక గానీ రావడం లేదు. మేము ఇక్కడ ఆర్డరు చూశాం, 3.42. ప్యానెల్ చూశాం, 3.42. రెండూ ఒకటే. కాబట్టి మా దగ్గర నుంచి నీళ్లు సరిగ్గానే వెళ్తున్నాయి, దారిలో ఎవరో తినేస్తున్నారు. పైపు ఎక్కడో కారుతుంటే వంతు కాని సమయంలో లైను ఖాళీ అయిపోతుంది, మళ్లీ నిండేసరికి గంటన్నర పడుతుంది. ఇంజనీరింగు చదివిన ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. డీఈ, నేను కూడా అలాగే ఆలోచించాం.

ఆ పైపు చేపల చెరువుల గట్ల వెంబడే వెళ్తుంది. కొల్లేట్లో ఎవరి గట్టు ఎవరిదన్న గొడవలు ఎలాగూ ఉన్నాయి. ఎవరో చెరువుగలాయన పైపుకి కన్నం పెట్టి కాపలాదారుల షెడ్లకి నీళ్లు పట్టుకుంటున్నాడన్న మాట పుట్టింది. పుట్టిన మాట ఒక మనిషి దగ్గరికి వెళ్లి ఆగింది. ఏడో ఊరి లైన్‌మన్ దగ్గరికి.

ఆయన కాంట్రాక్టు మీద పని చేసేవాడు. వలేసి బతికిన మనిషి, ఊరికి పైపు రాగానే ఈ పనిలో చేరాడు. మాట తక్కువ. గట్టు మీద పైపు పక్కనే రోజూ నడుస్తూ చెవి పెట్టి వినడం, తడి కనిపిస్తే తవ్వి చూడడం ఆయన అలవాటు. కారుతున్న చోటు వెతకడానికే అలా తిరిగేవాడు. చూసినవాళ్లకి అది చెరువులవాళ్లతో బేరం మాట్లాడుతున్నట్టు కనిపించింది. సొంత ఊరివాళ్లే పంచాయతీలో కూర్చుని, ఇతన్ని తీసేసి వేరే మనిషిని పెట్టండి అని మాకు రాసిచ్చారు.

నేను ఒకసారి ఆ ఊరు వెళ్లినప్పుడు ట్యాంకు కింద కుళాయిల దగ్గర ఆడవాళ్లు వరసలో ఉన్నారు. లైన్‌మన్ భార్య బిందె పట్టుకుని కాస్త ఎడంగా నిలబడి ఉంది. వరసలో చోటివ్వలేదు. అందరూ పట్టుకున్నాక మిగిలితే తను పట్టుకోవాలి. మిగిలేది కాదు. 'మీ ఆయన్ని అడగవమ్మా, చెరువు షెడ్లో బోలెడు ఉన్నాయంట' అని ఒకావిడ మామూలుగానే అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె నా వైపు చూసింది. ఆఫీసు మనిషిని కదా, నేనేదైనా చెబుతాననుకుంది కాబోలు.  మా కాగితాల ప్రకారం కూడా ఆమె భర్తే దోషి.

సోమవారానికల్లా రిపోర్టు పంపమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. డీఈ రాసి నా సంతకం కోసం పెట్టాడు. పంపుహౌసు వైపు లోపం లేదు, లైనులో నష్టం జరుగుతోంది, సదరు లైన్‌మన్ను తొలగించవచ్చు. అంతే విషయం. నాకెందుకో చెయ్యి రాలేదు. ఆ మనిషి మీద జాలి అనుకోకండి, జాలితో సంతకాలు ఆపితే ఆఫీసు నడవదు. దొంగతనం అంటున్నాం, కన్నం ఎక్కడుందో ఎవరం చూడలేదు. అది నాకు నచ్చలేదు. 'ఒకసారి మధ్యాహ్నం పూట అక్కడే కూర్చుని చూసొస్తానండీ, ఆ తర్వాత పెడతాను' అన్నాను. డీఈ సరేనన్నాడు. వారం మధ్యలో కుదరక ఆదివారం చర్చి అయ్యాక, మా ఆయనతో స్కూటర్ మీద బయల్దేరాను.

దారంతా మేత బస్తాల లారీలు, ఐసు కారుతున్న చేపల వ్యాన్లు. రెండు దాటాక ఏడో ఊరు చేరాం. లైన్‌మన్ ట్యాంకు దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి తీసేయడానికి వచ్చాననుకున్నాడు.

'ఇవాళే ఆఖరాండి?' అన్నాడు.

'ఇవాళ నీళ్లు చూడ్డానికి వచ్చానండీ. మీ గురించి రాలేదు' అన్నాను.

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. రెండున్నరైంది. ట్యాంకులోకి వెళ్లే పైపు మీద చెయ్యి పెట్టి చూశాను, చలనం లేదు. మూడైంది. లైన్‌మన్ నా ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. 'రోజూ ఇంతేనండి. నాలుగు దాటాలి. నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నానండి' అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో.

పంపుహౌసులో డ్యూటీలో ఉన్న మా ఆపరేటరుకి ఫోను చేశాను.

'ఏవండీ, ఏడో వాల్వు తెరుచుకుని ఎంతసేపైంది?'

'ఎక్కడ తెరుచుకుందండీ, ఇంకా ఆరో ఊరే నడుస్తోంది.'

'మూడు దాటింది కదండీ. రెండున్నరకే మారాలి.'

'లేదు మేడంగారండీ. ఆరో ఊరు పన్నెండున్నరకి మొదలైంది. మూడు నలభై రెండు అవ్వాలి కదా. నాలుగూ పన్నెండుకి మారుతుంది.'

'మూడు నలభై రెండు ఏంటండీ?'

'మూడు గంటల నలభై రెండు నిమిషాలండీ. ఆర్డరే అది.'

నేను కుర్చీలోంచి లేచాను. ఆపరేటరు తప్పేమీ అనలేదు. మనం టైము అలాగే రాస్తాం. పెళ్లి శుభలేఖలో ముహూర్తం, బస్టాండులో బోర్డు, అన్నీ గంటలు, చుక్క, నిమిషాలు. ఆ ప్యానెల్ కూడా అలాగే అర్థం చేసుకుంటుంది, డ్రిప్పు కోసం తయారైన పెట్టె అది. డీఈ రాసింది మాత్రం కాలిక్యులేటరు లెక్క. మూడు గంటలూ, ఇంకో గంటలో నూటికి నలభై రెండు వంతులు. అంటే ఇరవై ఐదు నిమిషాలు. ఆయన పదులతో లెక్కపెట్టాడు, గడియారం అరవైలతో లెక్కపెట్టింది. ప్రతి ఊరికీ పావుగంట పైన ఎక్కువ వెళ్తోంది. నీళ్లు తగ్గాయని రోజూ ఫోను చేస్తున్న ఒకటో ఊరి ప్రెసిడెంటుగారికి కూడా. ఆ పావుగంటలన్నీ కలిసి ఏడో ఊరి మీద పడుతున్నాయి. దాని వంతు సగమయ్యేసరికి సాయంత్రం ఆరు కొడుతుంది, ప్యానెల్ మళ్లీ ఒకటో ఊరికి వెళ్లిపోతుంది.

'ఏడో ఊరు ఎన్నింటికి ఆగుతుందో మీరు ఎప్పుడైనా చూశారా?' అని ఆపరేటరుని అడిగాను.

'నేను ఆరింటికి దిగిపోతాను కదండీ. అప్పటికి ఏడోదే నడుస్తుంటుంది. తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు.'

తర్వాత వచ్చేవాడు ఎక్కేసరికి ఒకటో ఊరు నడుస్తుంటుంది. ఇద్దరూ కలిసి బయట టీ తాగే ఆ కొద్దిసేపట్లోనే ఏడో ఊరి నీళ్లు ఆగిపోయేవి. పాత రోజుల్లోలాగా చేత్తో వాల్వు తిప్పి ఉంటే ఆయన చెయ్యే ఆయనకి చెప్పేది.

లైన్‌మన్‌కి విషయం చెప్పాను. అతను అరవలేదు, ఏడవలేదు. 'అయితే కన్నం లేదాండి?' అన్నాడు. లేదన్నాను. 'ఊరంతా తవ్వేశానండి' అని తలొంచుకున్నాడు.

డీఈకి అక్కణ్నుంచే ఫోను చేశాను. చెప్పడం పూర్తయ్యాక, ప్యానెల్లో నొక్కిన అంకె మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. తర్వాత, 'అది పదుల్లో వేసిన లెక్క మేడమ్' అని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున్న నేను వెళ్లేసరికి ఆయన పంపుహౌసులో ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆపరేటరు కూడా పక్కనే నిలబడి ఉన్నాడు. ప్యానెల్లో 3.25 అని మారిస్తే అంతటితో సరి. మూడో కంటికి తెలియదు. ఆ ఆలోచన ఆయనకి వచ్చింది, నాకూ వచ్చింది. 

'మార్చేస్తే నీళ్లు సరిపోతాయండీ. కానీ ఆ మనిషి?' అన్నాను. 'రేపటి నుంచి ట్యాంకు నిండుతుంది. మనం గట్టిగా అడిగేసరికి భయపడి అమ్మడం మానేశాడు అంటారు. ఇప్పుడున్నది అనుమానం. అప్పుడు రుజువైపోతుంది.'

ఆయన తలూపాడు. 'ఆరు ఊళ్లకీ పావుగంట తగ్గుతుంది కదా. ఎందుకు తగ్గిందో ఎలాగూ చెప్పాలి. మీటింగు పెడదాం' అన్నాడు.  డీఈగా కొత్త, ముందు చాలా సర్వీసు ఉంది. నాకు ఆ పిల్లాడి మీద అప్పుడు నిజంగా ప్రేమ కలిగింది.

ఆపరేటరు అంతదాకా ఏదో లెక్క వేసుకుంటున్నాడు. 'ఏవండీ, గంటలతో గొడవెందుకు, ఘడియల్లో పెట్టుకుంటే? రోజుకి అరవై ఘడియలు. పెద్దలు ఊరికే పెట్టి ఉండరు కదా' అన్నాడు.

డీఈకి ఆ పొద్దు మొదటిసారి నవ్వొచ్చింది. కాగితం తీసి రాసి చూపించాడు. పదిని విడగొడితే రెండు, ఐదు. అందుకని సగాలూ, ఐదో వంతులూ పదుల్లో తెగుతాయి. మూడో వంతు తెగదు, మూడు మూడు మూడు అంటూ పోతుంది. అరవైని విడగొడితే రెండు, మూడు, ఐదు. అందుకని గంటలో మూడో వంతు చక్కగా ఇరవై నిమిషాలై కూర్చుంటుంది. ఏడు పదిలోనూ లేదు, అరవైలోనూ లేదు. ఏడో వంతుని నిమిషాల్లో వేసినా, సెకన్లలో వేసినా, ఘడియల్లో వేసినా, విఘడియల్లో వేసినా చివర ఏదో ఒకటి మిగిలి మళ్లీ మొదటికే వస్తుంది. ఏడుతో లెక్కపెట్టే మనుషులుంటే వాళ్ల దగ్గర తెగుతుంది.

'మరి ఏడుతో ఎవరు లెక్కపెడతారండీ?' అన్నాడు ఆపరేటరు, నిరాశగా.

డీఈ కాగితం మీద ఏడు చుట్టూ సున్నా చుట్టాడు. పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాడు.

గురువారం మీటింగు. పంపుహౌసు ముందు షామియానా వేయించాం. ఏడు ఊళ్ల నుంచి ప్రెసిడెంట్లు, వాళ్లతో పాటు నలుగురేసి మనుషులు. లైన్‌మన్ వెనక, క్లోరిన్ గది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని పక్కన ఎవరూ నిలబడలేదు.

డీఈ లేచి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు. 'ఏడో ఊరికి నీళ్లు చేరకపోవడానికి కారణం నేనండి. లెక్క నేను వేశాను. మిషన్ దాన్ని ఇంకోలా తీసుకుంది, నేను ఒక్కసారి కూడా వచ్చి చూసుకోలేదు. పైపుకి ఎక్కడా కన్నం లేదు. ఎవరూ ఎవరికీ నీళ్లు అమ్మలేదు. ఆయన్ని తీసేయమని నేను రిపోర్టు రాశాను. అది చింపేశాను.' ఆ మాట అంటూ లైన్‌మన్ వైపు తిరిగాడు. 'నన్ను క్షమించండి' అన్నాడు. అండీ అంటూ, మీరు అంటూ, అందరి ముందూ.

 ఏడో ఊరి ప్రెసిడెంటు నేల చూస్తున్నాడు. లైన్‌మన్ చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టి, మళ్లీ తీశాడు.

ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. పశ్చాత్తాపం వినడానికి బాగుంటుంది, నీళ్లు తగ్గుతాయంటే ఎవరూ వినరు. మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు అనగానే ఆరు ఊళ్లవాళ్లూ లేచారు. ఒకటో ఊరి ప్రెసిడెంటుగారు తన మెత్తటి గొంతుతో, 'ఆ చిల్లర లెక్కలెందుకండీ, మూడున్నర చేసేయండి. అందరికీ గుర్తుంటుంది' అన్నారు. చాలామంది సరే సరే అన్నారు.

'మూడున్నర ఏడుసార్లు వేస్తే ఇరవై నాలుగున్నరండి. ఆ అరగంట ఎవరిది?' అన్నాను నేను.

 అందరికీ తెలుసు అది ఎవరిదో. ఆ లెక్కలో నోటికి సులువుగా వచ్చే అంకె ఏది పెట్టినా, దాని ఖరీదు లైను చివరున్నవాళ్లే కట్టాలి.

అప్పుడు డీఈ బోర్డు దగ్గరికి వెళ్లాడు. 'వంతు మూడు గంటలే పెడదామండి' అన్నాడు. షామియానా ఎగిరిపోయేంత గోల. ఆయన చెయ్యెత్తి ఆగాడు. 'మూడు గంటల చొప్పున ఏడు ఊళ్లూ ఇరవై ఒక్క గంటలకే అయిపోతాయి. సాయంత్రం ఆరు దాకా ఆగక్కర్లేదు. ఏడో ఊరు అవ్వగానే మళ్లీ ఒకటో ఊరు మొదలు. ఇవాళ ఆరింటికి వచ్చినవాళ్లకి రేపు మూడింటికే వస్తాయి. ఎల్లుండి పన్నెండింటికి. అలా జరుగుతూ, వారం తిరిగేసరికి మళ్లీ ఆరుకే వస్తాయి. ఈలోగా ప్రతి ఊరికీ ఎనిమిది వంతులు వస్తాయి. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. అంటే వారంలో ఊరికి సరిగ్గా ఒక రోజు. ఏడు ఊళ్లు, ఏడు రోజులు. చిల్లర లేదు.'

ఎవరికి వాళ్లు వేళ్ల మీద వేసి చూసుకున్నారు. రాత్రి వంతులు అందరికీ వస్తాయి, పగటి వంతులూ అందరికీ వస్తాయి. ఒకటో ఊరివాళ్లకి ఇది నచ్చలేదు, ఇన్నాళ్లూ వాళ్లకి సాయంత్రం సుఖంగా వచ్చేవి. అయినా చివరికి ఒప్పుకున్నారు. మా ఆపరేటరు నా చెవి దగ్గరకి వంగి, 'ఏడుతో లెక్కపెట్టడానికి వారాలున్నాయని నాకెందుకు తట్టలేదండీ, పంచాంగంలో తిథి పక్కనే వారం ఉంటుంది' అని వాపోయాడు.

డీఈకి తర్వాత పైనుంచి మెమో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు జవాబు రాశాడు, ఒక హెచ్చరికతో పోయింది. ఆయన ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఏ ఆర్డరులోనైనా చుక్క కనిపిస్తే పక్కన నిమిషాలో వంతులో మాటల్లో రాయిస్తాడని విన్నాను. పిల్లలూ, మీకు నేను చెప్పేదీ అంతకంటే పెద్దదేమీ కాదు. మీ ఫోను కొన్ని అంకెలు చూపించి ఆగిపోతుంది. లెక్క అక్కడ ఆగలేదు, ఫోనే ఆగింది. ఆ తర్వాత మిగిలిన ముక్క ఎవరో ఒకరి వంతులోంచి పోతుంది. ఎవరిదో లేచి వెళ్లి చూడండి. కాగితం, మిషన్ రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయి గదా అని కుర్చీలో వెనక్కి వాలకండి.

కొత్త వంతులు మొదలైన రోజు నేను ఏడో ఊళ్లో ఉన్నాను. ఆ మధ్యాహ్నం ట్యాంకు పొంగి పక్కలమ్మట కారింది. ట్యాంకు పొంగడం ఆ ఊళ్లో ఎవరూ అప్పటిదాకా చూడలేదు. పిల్లలు దాని కింద తడుస్తుంటే లైన్‌మన్ వాళ్లని అదిలిస్తూ తనూ తడిశాడు.

కుళాయిల దగ్గర వరస ఉంది. అతని భార్య ఎప్పట్లాగే ఎడంగా వచ్చి నిలబడింది. వరసలో ముందున్నావిడ, ఇంతకుముందు చెరువు షెడ్డు మాట అన్నావిడే, తన బిందె పక్కకి తీసి, 'రావమ్మా, ముందు నువ్వు పట్టుకో' అంది. వెనకున్నవాళ్లు కూడా దారిచ్చారు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. క్షమాపణ అడగడం చేతకానివాళ్లు చేయగలిగింది అదే.

ఆమె కదల్లేదు. 'నా వంతు వచ్చినప్పుడు పట్టుకుంటానులెండి' అంది. కోపంగా అనలేదు. వరస చివరికి నడిచి, ఆఖరావిడ వెనక బిందె దించి నిలబడింది.

ముందున్నావిడ తన బిందె మళ్లీ కుళాయి కింద పెట్టుకుంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.  పట్టుకున్నవాళ్లు కూడా ఇళ్లకి వెళ్లలేదు, నిండిన బిందెలు చంకన పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఆఖరున ఆమె కుళాయి కింద బిందె పెట్టింది. నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.